పడుకునే ముందు మొహానికి ఏం రాస్తారు?

మంగళగిరి నుంచి విజయవాడకి రోజూ బస్సెక్కి వెళ్ళి స్కిన్ కేర్ కోర్సు చేశానంటే, మా వీధిలో ఇప్పటికీ "ఓ, ఐబ్రోస్ కోర్సా" అంటారు. కాదని చెప్పడం మానేశాను. ఐబ్రోస్ కూడా అందులో ఉన్నాయి మరి.

చేరేనాటికి నాకు ముప్పై రెండేళ్ళు. బీకాం చదివి, బీసెంట్ రోడ్డులో ఒక చీరల షాపులో బిల్లింగ్ కౌంటర్లో ఐదేళ్ళు కూర్చున్నాను. బాబు కడుపులో పడ్డాక మానేశాను. వాడు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక మళ్ళీ షాపుకి ఫోన్ చేస్తే, మానేసేనాటికి ఎంత జీతమో అంతే ఇస్తామన్నారు. అందులో బస్సు పాసు పోగా, స్కూలు వదిలాక బాబుని చూసుకునే ఆవిడకి ఇవ్వగా మిగిలేది లెక్కేస్తే నవ్వొచ్చింది. స్త్రీశక్తి ఉచిత బస్సు ఇంకా రాని రోజులు అవి.

నేను చేసింది నిజానికి రెండు కోర్సులు. మొదటిది తొందరగా చెప్పేస్తాను. బస్టాండుకి దగ్గర్లో మేడ మీద రెండు గదులు, గోడల నిండా విదేశీ మోడళ్ళ ఫొటోలు. నలభై రోజుల్లో 'ఇంటర్నేషనల్ డిప్లొమా', ఫీజు 35 వేలు, ఉద్యోగం గ్యారంటీ అన్నారు. రోజుకి మూడు గంటల క్లాసు, అందులో గంట రీల్స్ తీసుకోవడానికే పోయేది. చివర్లో బంగారు రంగు ముద్ర ఉన్న సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మొగల్రాజపురంలో ఒక పార్లర్‌కి వెళ్తే, అక్కడి ఓనరు కవరు తెరవను కూడా లేదు. "అది తర్వాత చూద్దాంలే అమ్మా" అని దారం రీలు నా చేతిలో పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. నా వేళ్ళు వణికాయి. ఎడమ కనుబొమ దగ్గర నాలుగు వెంట్రుకలు తీశానో లేదో, ఆవిడే లేచి కూర్చుని "మంచినీళ్ళు తాగి వెళ్ళమ్మా" అంది.

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. ఆదివారాలు తీసేస్తే ముప్పై నాలుగు రోజులు, రోజుకి మూడు గంటలు. వంద గంటలు. స్విట్జర్లాండ్ కేంద్రంగా నడిచే సిడెస్కో అని 1946లో పుట్టిన సంస్థ ఒకటుంది, ఈ రంగంలో దాని పేరు అందరికీ తెలుసు. వాళ్ళ బ్యూటీ థెరపీ డిప్లొమాకి 1200 గంటల శిక్షణ కావాలి. మన ఐటీఐల్లో కాస్మెటాలజీ ట్రేడు ఏడాది. ఇవి కాక, ఈ రంగంలో పనికి ప్రమాణాలు పెట్టే బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వాళ్ళ కోర్సులు ఉన్నాయి: ముందు అసిస్టెంట్ బ్యూటీ థెరపిస్ట్, తర్వాత బ్యూటీ థెరపిస్ట్. ఏ పనికి ఏమేం రావాలో అందులో వరసగా రాసి ఉంటుంది. పరీక్ష పెట్టేది నేర్పినవాళ్ళు కాదు, బయటి నుంచి వచ్చే అసెసర్. చేరకముందు చూసుకోవాల్సిన ఈ సంగతులన్నీ నేను డబ్బు కట్టాక చూసుకున్నాను.

రెండోసారి గాజులు బ్యాంకులో పెట్టాను. మా ఆయన ఏమీ అనలేదు కానీ, ఆ నెలంతా నా చేతుల వైపు చూడకుండా మాట్లాడాడు.

పటమట వైపు చిన్న ఇన్‌స్టిట్యూట్ అది. ఆరు నెలలు, మా బ్యాచ్‌లో పదకొండు మందిమి. నేర్పే మేడమ్‌కి యాభై దాటి ఉంటాయి, జుట్టుకి రంగు వేసేవారు కాదు. మొదటి రోజు దారమో వ్యాక్సో ఇస్తారనుకుంటే, చుట్టూ లైటు ఉండే భూతద్దం మా మధ్యకి తోసి, "పక్కమ్మాయి మొహం చూసి రాయండి" అన్నారు. ఏం రాయాలో చెప్పలేదు. నేను "కొంచెం జిడ్డు, రెండు మొటిమలు" అని రాశాను. నా మొహం చూసిన అమ్మాయి "బాగుంది" అని రాసింది. మేడమ్ మా కాగితాలు మాకే తిరిగి ఇచ్చి, వారం రోజులు అదే పని చేయించారు. వారం చివరికి నేను ఒక పేజీ నింపగలిగాను. ముక్కు పక్కన రంధ్రాలు సాగి ఉన్నాయి, బుగ్గల మీద పొట్టు లేస్తోంది, గడ్డం దగ్గర పాత మొటిమ ఉన్నచోట గోధుమ మచ్చ, కళ్ళజోడు ఆనే చోట ముక్కు మీద రెండు నల్ల గీతలు. అదే మొహం. వారం క్రితం ఇవేవీ నాకు కనపడలేదు.

థియరీ అంటే భయపడ్డాను. టెన్త్ తర్వాత సైన్సు ముట్టుకోలేదు నేను. మేడమ్ ఒక రోజు ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తెచ్చారు. చర్మం పై పొరలో ఉండేవన్నీ చనిపోయిన కణాలేనని, ఒకదాని మీద ఒకటి పదిహేను ఇరవై వరసలు ఉంటాయని, అన్నీ కలిపినా కాగితం కంటే పల్చన అని చెప్పి, తడి చేత్తో ఒక రేకు పట్టుకోమన్నారు. వేలికి అంటుకుని చిరిగిపోయింది. "మీరు స్క్రబ్బు పెట్టి రుద్దేది దీన్ని" అన్నారు. అడుగు పొరలో పుట్టిన కణం పైకొచ్చి రాలిపోవడానికి సుమారు 28 రోజులు పడుతుందట, వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. మూడు రోజుల్లో మొహం మార్చేస్తామనే బోర్డులు బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో ఆ సాయంత్రం బస్సులోంచి లెక్కపెట్టాను. మిగిలిన పూతరేకులు క్లాసులోనే తినేశాం.

ఫిట్జ్‌పాట్రిక్ స్కేలు అని ఒకటి చెప్పారు. ఎండకి చర్మం కాలుతుందా, నల్లబడుతుందా అనే దాన్నిబట్టి చర్మాన్ని రకాలుగా విడదీయడం. 1975లో ఒక అమెరికా డాక్టరు తయారు చేశాడు. మొదట తెల్లవాళ్ళ కోసం నాలుగు రకాలే పెట్టి, మనలాంటి రంగులకి అయిదు, ఆరు అని తర్వాత చేర్చారు. మన దగ్గర ఎక్కువమంది నాలుగులోనో అయిదులోనో వస్తారు. పనిలో దీని అర్థం ఏమిటంటే, వ్యాక్స్ కొంచెం వేడెక్కువై చురుక్కుమంటే తెల్లవాళ్ళకి ఎరుపు వచ్చి పోతుంది, మనకి ఎరుపు పోయాక నల్ల మచ్చ మిగులుతుంది. ఒక్కోసారి నెలల తరబడి. అందుకే మేడమ్ ప్రతి వ్యాక్సూ ముందు మా మణికట్టు లోపలి వైపు రాయించేవారు. నా ఎడమ మణికట్టు మీద ఇప్పటికీ చిన్న మరక ఉంది.

త్రెడ్డింగ్ మాత్రం నాకు సులువుగా వస్తుందనుకున్నాను. మా నాన్న నేత పని చేస్తారు. మగ్గం గుంట పక్కన, నిజాం బోర్డరు చీరల మధ్య పెరిగినదాన్ని, దారం నాకు కొత్తా? తీరా చూస్తే నా దారమే అందరికంటే ఎక్కువసార్లు తెగేది. ఒక కొస పళ్ళ మధ్య పెట్టి, మిగతాది రెండు చేతుల వేళ్ళ మధ్య మెలి తిప్పి, ఆ మెలిని ముందుకీ వెనక్కీ తోయాలి. మొదటి పదిహేను రోజులు మా కాళ్ళ మీద వెంట్రుకలే మాకు పుస్తకాలు. చూపుడు వేలి మీద దారం కోసుకుపోయి, కూరలో కారం తగిలితే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఒక రాత్రి ఇంట్లో కూర్చుని ప్రాక్టీసు చేస్తుంటే నాన్న కాసేపు చూసి, "పంటితో లాగుతున్నావు. పళ్ళు పట్టుకోవడానికే. బిగువు వేళ్ళలో ఉండాలి" అన్నారు. అంతే చెప్పి పడుకున్నారు. మర్నాడు దారం తెగలేదు. ఆయన జన్మలో త్రెడ్డింగ్ చూసింది అదే మొదటిసారి.

మసాజ్‌కి ఫ్రెంచి పేర్లు ఉంటాయి. ఎఫ్లురాజ్ అంటే నిమరడం, పెట్రిసాజ్ అంటే పిసకడం, టపోట్‌మాఁ అంటే తట్టడం. పేర్లు బట్టీ పట్టలేక చస్తుంటే మా బ్యాచ్‌లో ఒకమ్మాయి, "పురిటి బిడ్డకి నూనె రాసి నలుగు పెట్టే మంత్రసాని ఇవన్నీ చేస్తుంది కదండీ" అంది. మేడమ్ ఒప్పుకున్నారు. కాకపోతే మంత్రసాని చెయ్యి బరువుని మొహం మీద పెట్టకూడదన్నారు. నేను మొదట్లో గారెల పిండి రుబ్బినట్టు రుద్దేదాన్ని. కళ్ళ కింద ఉంగరం వేలు మాత్రమే వాడాలి, ఎందుకంటే చూపుడు వేలు, నడిమి వేలు కంటే దానికి బలం తక్కువ. ఈ చిన్న విషయం నాకెందుకో బాగా నచ్చింది.

మిషన్ల గురించి పెద్దగా చెప్పను. హై ఫ్రీక్వెన్సీ అనే గాజు గొట్టం ఊదా రంగులో వెలుగుతూ గీపెడుతుంది, జిరాక్స్ షాపు వాసన వస్తుంది, ఓజోన్ వాసన అది. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకీ గర్భిణులకీ పెట్టకూడదు. అంతకంటే శుభ్రం గురించి చెప్పాలి. ఏ పార్లర్‌కి వెళ్ళినా నీలం లైటు డబ్బా ఒకటి కనపడుతుంది, సామానంతా అందులో పెట్టి ఉంటారు. మురికి సామాను అందులో పెడితే నీలం రంగు మురికి సామాను అవుతుంది, అంతే. అది శుభ్రం చేసినవాటిని దాచుకోవడానికి. మొటిమలు నొక్కే పరికరం లాంటివి ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో ఆవిరి పట్టి క్రిముల్ని చంపే డబ్బాలో, 121 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ఉండాలి. వ్యాక్స్ పుల్ల ఒకసారి ఒంటికి తగిలాక మళ్ళీ డబ్బాలో ముంచకూడదు. మీరు వెళ్ళే చోట ముంచుతున్నారేమో ఈసారి గమనించండి.

ఇక అసలు సంగతి.

మూడో నెలకి నాకు పని వచ్చేసిందనే ధీమా వచ్చింది. మా పిన్ని కూతురి ఓణీల ఫంక్షన్ తెనాలిలో. ముందు రోజు సాయంత్రం వెళ్ళాను. పిన్ని నన్ను చూడగానే "అమ్మాయ్, నా మొహానికి బ్లీచ్ వెయ్యవే, ఫొటోల్లో పడాలి" అంది. బ్లీచ్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పని. ముందు చెవి వెనక కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడాలి, ప్యాచ్ టెస్ట్. ఒక రోజు ఎక్కడుంది? పొద్దున్నే ముహూర్తం. పిన్ని చర్మం చూస్తే నున్నగా, మెరుస్తూ, అద్దంలా ఉంది. భలే చర్మం అనుకున్నాను. భూతద్దం ఉంటే ఆ నునుపు ఎందుకో అనుమానం వచ్చేదేమో, అది పటమటలో ఉంది.

రాసి నాలుగు నిమిషాలు కాలేదు. "మండుతోందే" అంది. "కొంచెం మండుతుంది పిన్నీ" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనుకుంటాను. ఇంకో నిమిషానికి పిన్ని లేచి బాత్రూంలోకి పరిగెత్తింది. కడిగాక చూస్తే రెండు బుగ్గలూ టమాటా పండులా ఉన్నాయి, చర్మం కింద సన్నటి ఎర్ర దారాల్లాంటి నరాలు కనపడుతున్నాయి. చల్లటి నీళ్ళలో గుడ్డ ముంచి వేస్తూ రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను. బాబాయ్ మాట్లాడలేదు. ఫంక్షన్‌లో పిన్ని ఫొటోలన్నిటిలో పక్కకి తిరిగే ఉంది.

సోమవారం మేడమ్‌కి చెప్పాను. తిడతారనుకున్నాను. "పడుకునే ముందు ఆవిడ మొహానికి ఏం రాస్తారు?" అని అడిగారు. నాకు తెలీదు. ఫోన్ చేసి అడిగితే "ఏమీ రాయనే, మామూలు క్రీమ్ ఒకటి" అంది పిన్ని. ఫొటో పంపమన్నాను. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టిన ట్యూబు ఫొటో వచ్చింది. మేడమ్ పెద్దది చేసి చూపించారు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాజోన్. మొదటిది మచ్చల రంగు తగ్గించేది, రెండోది చర్మం పై పొరని రాలగొట్టేది, మూడోది స్టెరాయిడ్. మంగు మచ్చలకి డాక్టర్లు కొద్ది వారాలు వాడమని రాసే మందు అది. పక్కింటావిడ రాసుకుని తెల్లగా అయిందని పిన్ని మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని రెండేళ్ళుగా రాస్తోంది.

స్టెరాయిడ్ క్రీమ్ అన్నేళ్ళు రాస్తే చర్మం పల్చబడుతుంది, కింద రక్తనాళాలు కనపడతాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే ఎర్రగా మండుతుంది కాబట్టి మానలేరు. మళ్ళీ రాస్తారు. మన దేశంలో ఇది ఎంతగా ఉందంటే, చర్మ డాక్టర్లు ఈ జబ్బుకి స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న మొహం అని ఏకంగా ఒక పేరే పెట్టుకున్నారు. 2018లో కేంద్రం పద్నాలుగు స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. పిన్ని కొన్నది ఆ తర్వాతే. నేను అద్దంలా ఉందని మురిసిపోయిన చర్మం అలా పల్చబడిన చర్మం. పైగా ట్రెటినాయిన్ రాసే మొహానికి వ్యాక్స్ వేస్తే చర్మం కూడా ఊడి వస్తుంది. పిన్ని ఆ రోజు పెదవి మీద వ్యాక్స్ కూడా వెయ్యమంది. టైము లేక వెయ్యలేదు.

పిన్నిని గుంటూరులో చర్మ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపకుండా తగ్గించుకుంటూ వచ్చారు. ఏడెనిమిది నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు పిన్ని ఏడ్చి పాత ట్యూబు కొనుక్కుంటానంది.

ఆ తర్వాత మా క్లాసులో కన్సల్టేషన్ కార్డు పాఠం మొదలైంది. అంతకుముందు ఉండేదేమో, నాకు మాత్రం అప్పుడే మొదలైంది. కస్టమరు పేరు, వయసు, మందులు, అలర్జీలు. "మొహానికి ఏం రాస్తారు" అంటే అందరూ "ఏమీ రాయం" అనే అంటారు. అబద్ధం కాదది. మనవాళ్ళకి రాసుకోవడం అంటే పౌడరు, కాటుక. రాత్రి రాసేది వాళ్ళ లెక్కలో మందు కూడా కాదు, అలవాటు. అందుకని మేడమ్ ప్రశ్నని ముక్కలు చేసి అడిగించేవారు: పొద్దున లేచాక? స్నానంలో? పడుకునే ముందు? అప్పుడు బయటికొస్తాయి. కస్తూరి పసుపు, టూత్‌పేస్టు, నిమ్మకాయ చెక్క, అన్నయ్య దుబాయ్ నుంచి తెచ్చిన పేరు లేని డబ్బా. ప్రఖ్యాతమైన ఒక క్రీమ్ 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టుకుంది కానీ, కార్డు నింపేటప్పుడు నేను వినే మొదటి మాట ఇప్పటికీ "కొంచెం ఫెయిర్ అవ్వాలండీ" అనే.

చెయ్యి వెయ్యకూడనివి కూడా అప్పుడే నేర్చుకున్నాం. తామర, గజ్జి, పెదవి మీద నీటి పొక్కులు ఉంటే ఆ రోజు పని లేదు. శోభి మచ్చకి ఫేషియల్ కాదు, మందు కావాలి. పులిపిర్లు కత్తిరించడం, పుట్టుమచ్చ కాల్చడం, బొటాక్స్, లేజర్ డాక్టరు పని, ఎంత డబ్బిస్తామన్నా. ఒకసారి కాలేజీ అమ్మాయి మెడ నల్లగా ఉందని, పీచుతో రుద్దీ రుద్దీ గీతలు పడేలా చేసుకుని వచ్చింది. మడతల్లో చర్మం మందంగా, ముఖమల్ గుడ్డలా ఉంది. మేడమ్ డీటాన్, అంటే నలుపు తీసే పూత, వెయ్యలేదు. వాళ్ళమ్మని పక్కకి పిలిచి "ఒకసారి షుగర్ టెస్ట్ చేయించండమ్మా" అన్నారు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే మెడ అలా నల్లబడుతుంది. వాళ్ళమ్మకి కోపమొచ్చింది, మెడకి పార్లర్‌కి వస్తే షుగర్ అంటారేంటని. డబ్బు తీసుకోకుండా పంపించేశాం.

పరీక్ష రోజు మామూలుగానే గడిచింది. ట్యాబులో ప్రశ్నలు, తర్వాత ప్రాక్టికల్, తర్వాత అసెసర్ అడిగే ప్రశ్నలు. స్పిరిట్ 70 శాతం ఎందుకు, 99 శాతం ఎందుకు వద్దు అని అడిగారు. కొంచెం నీళ్ళుంటేనే క్రిమి లోపలికి దిగి పనిచేస్తుందని, నీళ్ళు లేకపోతే తొందరగా ఆరిపోతుందని చెప్పాను. ప్రాక్టికల్‌లో నా మోడల్‌ని పడుకోబెట్టి కార్డు తీసి అడగడం మొదలుపెడితే అసెసర్ వాచీ చూసుకున్నారు. నేను చివరిదాకా అడిగాను. పాసయ్యాను.

ఉద్యోగం గవర్నర్‌పేటలో, మొదటి జీతం తొమ్మిది వేలు. షాపులో ఇస్తామన్నదానికంటే తక్కువ, ఆ సంగతి దాచను. టిప్పులు కలిస్తే సరిపోయేది. ఈ ఉద్యోగంలో క్యాలెండరు కంటే పంచాంగం ముఖ్యమని ఎవరూ చెప్పలేదు. శ్రావణంలో, మాఘంలో నిలబడి అన్నం తింటాం. ఆషాఢం, మూఢం వస్తే ఈగలు తోలుకుంటాం. మూఢం ఎప్పుడు మొదలవుతుందో మా ఓనరుకి పురోహితుడికంటే ముందే తెలుసు. ఏడాదిన్నర అక్కడ చేసి, ఇప్పుడు మా ఇంటి ముందు గదిలో ఒక బెడ్డు, ఒక భూతద్దం పెట్టుకున్నాను. గాజులు విడిపించాను.

పోయిన నెల పిన్ని వచ్చింది. తనే అడిగింది, ఏదైనా చెయ్యవే అని. క్లీనప్ ఒక్కటే చేస్తానన్నాను. బెడ్డు మీద పడుకోబెట్టి, తలకి బ్యాండు కట్టి, లైటు వేసి చూశాను. ఎర్ర దారాలు ముక్కు పక్కన రెండు మూడు మిగిలాయి. చర్మం మామూలు చర్మంలా ఉంది, కొంచెం గరుగ్గా, కొంచెం మంగుతో, నలభై ఎనిమిదేళ్ళ చర్మంలా. కార్డు తీశాను.

"పడుకునే ముందు మొహానికి ఏం రాస్తారు?"

"ఏంటే, నన్ను మీరు అంటున్నావు?"

"కార్డులో అలాగే ఉంది పిన్నీ. చెప్పు."

పిన్ని కళ్ళు మూసుకునే కాసేపు ఆలోచించింది. "డాక్టరు ఇచ్చిన మాయిశ్చరైజరే" అంది. నేను ఆగాను. "ఎప్పుడన్నా కొబ్బరి నూనె. డాక్టరుకి చెప్పకు."

అది కూడా రాసుకున్నాను.